మంత్రిగారి గొంతు

సబ్‌స్టేషన్‌లో ఫోన్ ఎత్తగానే జోయల్‌కు అనుమానం వచ్చింది.

"జోయల్, నేను కరెంటు మంత్రిని మాట్లాడుతున్న. హుజూరాబాద్ మార్కెట్ లైన్‌కు జర కరెంటు ఇయ్యి."

దేశమంతా బొగ్గు కొరత. ఎక్కడ చూసినా కోతలు. జనం తిట్టిపోస్తుంటే, తానే స్వయంగా రంగంలోకి దిగుతానని మంత్రి పొద్దున టీవీలో చెప్పాడు. ఈ రోజు ఆయన ఇటువైపే పర్యటిస్తున్నాడు కూడా. అయితే మాత్రం, పేరు పెట్టి పిలిచి ఓ మామూలు ఆపరేటర్‌కు ఫోన్ చేస్తాడా?

ఇది కచ్చితంగా తన్వీర్ పనే. మార్కెట్లో కూల్‌డ్రింకుల దుకాణం వాడిది. పెళ్లిళ్లలో మిమిక్రీ కూడా చేస్తాడు. పోయిన వారం పెద్ద ఇంజనీరు గొంతుతో ఫోన్ చేసి, కోత వేళలో కరెంటు వేయించుకున్నాడు. జోయల్‌కు మెమో వచ్చింది. ఇంకోసారి ఇట్లా జరిగితే ఉద్యోగం ఊడుతుందన్నారు. ఆ సంగతి భార్య ప్రిస్కిల్లాకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

"గా లైన్ తెగింది. మా లైన్‌మన్ మైసయ్య రిపేరుకు పోయిండు. ఆయన చెప్పేదాక స్విచ్ ఎయ్య," అన్నాడు జోయల్.

"మైసయ్య కిందనే ఉన్నడు, నాకు కనవడుతుండు. పని అయిపోయింది. టీవీలోల్లు చూస్తుండ్రు, జల్ది ఇయ్యి."

టీవీలో మంత్రి తాపీగా మాట్లాడతాడు. ఈ గొంతులో ఆయాసం. వెనకాల గాలి హోరు. వీడు దుకాణం డాబా ఎక్కి నాటకాలాడుతున్నాడు. జోయల్‌కు ఒళ్లు మండింది.

"నువ్వు మంత్రివైతె నేను ప్రధానమంత్రిని. పెట్టెయ్ ఫోన్."

"నీ నౌకరీ ఉండదు చూడు."

"పోతె పోనీ," అని జోయల్ ఠక్కున పెట్టేశాడు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో తన్వీర్. చెంప బూరెలా వాచింది. నోట్లో దూది.

"జోయల్ భాయ్... పొద్దున పన్ను పీకించుకున్న," అన్నాడు ముద్దముద్దగా. "కరెంటు ఎప్పుడొస్తది? ఐస్ అంత కరుగుతుంది."

జోయల్ ఫోన్ వైపు చూశాడు. అంటే ఫోన్‌లో ఉన్నది నిజంగా మంత్రేనా? ఆయన్నా తను అంతేసి మాటలన్నది? సాయంత్రానికి చేతిలో ఆర్డరు పెడతారు. ప్రిస్కిల్లాకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తాడు. మైసయ్య.

"కాకా, నన్ను సస్పెండ్ చేసిండ్రా?"

"సస్పెండ్ ఏందిర బిడ్డా," అన్నాడు మైసయ్య. "టీవీలోల్ల ముంగట ఫోజు కోసం నన్ను దింపి స్తంభం ఎక్కింది మంత్రే, నీకు ఫోన్ చేసినప్పుడు ఆయన రెండో చెయ్యి తీగె మీదనే ఉన్నది."