ఉత్త కొమ్మ

మా ఆయనకు చూపు మందగించింది గానీ, పిట్టల ఫొటోల పిచ్చి తగ్గలేదు. పిట్ట ఎక్కడ వాలిందో నేను చెబితే కెమెరా అటు తిప్పుతారు. బొమ్మ స్పష్టంగా కుదరగానే కెమెరా కుయ్యిమంటుంది. అది విని బటన్ నొక్కుతారు.

ఇవాళ పొద్దున్నుంచి వాగు ఒడ్డున రాయి మీద కూర్చున్నాం. ఒక్క పిట్టా రాలేదు. ఎండకు ఈయన ఎక్కడ పడిపోతారోనని నాకు ఒకటే దడ. ఒక్క ఫొటో అయినా తీయందే లేవరు.

"అదిగో, ఎడమ కొమ్మ మీద!" అన్నాను. ఉత్త కొమ్మకే కెమెరా కుయ్యిమంది. నొక్కారు, లేచారు.

దారిలో అడిగారు. "పిట్ట లేదు కదూ?"

"ఎలా తెలిసిందండీ?"

"ఉంటే గుసగుసలాడతావు. ఇవాళ అరిచావు."

"మరెందుకు నొక్కారు?"

"నువ్వు చచ్చినా ఇంటికి పోదామనవు. కదిలినప్పుడల్లా నీ మోకాళ్లు కటుక్కుమంటుంటే నాకు వినపడదటే?"