టక్కుమనే మీట

"ఇది చూడండమ్మా, ప్రపంచమంతా కోట్లలో అమ్ముడుపోతోంది" అంటూ వీడియో గేముల షాపాయన, చేతిలో పట్టుకుని ఆడుకునే కొత్త మోడల్ ఒకటి ఆమె ముందు పెట్టాడు.

ఆమె దాని తెర వంక చూడనైనా లేదు. చెవికి ఆనించుకుని మీట నొక్కింది.

"ఇది కాదన్నా."

అలా అల్మారా అంతా దింపించింది. ప్రతిదీ చెవి దగ్గర నొక్కడం, పక్కన పెట్టేయడం. షాపాయనకు ఒళ్ళు మండింది.

"ఇప్పుడొచ్చేవాటికి చప్పుడుండదమ్మా. అందుకే జనం ఎగబడి కొంటున్నారు. అసలు మీకేం కావాలి?"

ఆమె కౌంటర్ పక్కనున్న తుక్కు డబ్బాలోంచి తెర పగిలిన పాతదొకటి తీసి నొక్కింది. టక్కుమంది. దాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

"అయ్యో, అది చచ్చిపోయిందమ్మా! బొమ్మ రాదు."

"బొమ్మెందుకన్నా! మంచంలో మా ఆయనకి బొటనవేలొక్కటే ఆడుతుంది. ఇలాంటిదే చేతిలో పెట్టాను. అది టక్కుమంటే వంటింట్లోంచి పరిగెత్తేదాన్ని. నిన్న దాని నోరు పడిపోయింది. ఆయన నొక్కుతూనే ఉన్నాడన్నా, నాకే వినపడట్లేదు."