హాప్స్ ఘాటు

"హాప్స్ అంటే ఇవేనా? ఎండుగడ్డిలా ఉన్నాయి!" బీరుకి చేదూ వాసనా ఇచ్చే ఆ పువ్వుల్ని అరచేతుల్లో నలిపి వాసన చూసి, విసిరికొట్టాడు క్లెమెంట్. కెంట్ జిల్లాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లంతా ఆయన ముక్కునే నమ్ముతారు.

"ఈ ఏటి పంటే, బావా," బావమరిది విల్ఫ్ నసిగాడు.

"నీ మొహం! ఈ మాల్ట్ బార్లీ గింజలు నమిలితే రంపపు పొట్టు. మొన్న నువ్వు కాచింది బీరా, కుడితా? రుచీ పచీ తెలియనివాడికి బీరెందుకురా?"

మేడమీంచి క్లెమెంట్ భార్య ఐరిస్ కేకేసింది. "తమ్ముడూ, కిటికీలు తెరవరా! ఆ హాప్స్ ఘాటు ఇక్కడిదాకా కొడుతోంది."

విల్ఫ్ తల దించుకున్నాడు.

క్లెమెంట్ కిందపడ్డ పువ్వులు ఏరి, మళ్లీ నలిపి, ముక్కుకి అదిమిపట్టాడు. గట్టిగా పీల్చాడు.

"ఒరేయ్ విల్ఫ్, ఎలా ఉందిరా వాసన?"