ఎండ పడని ప్రయాణికుడు

"కాస్త చెయ్యి అందించండి అచ్చిబాబు గారూ, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు నిరంజన్ గారు, లంక ఒడ్డున పడవ దిగబోతూ.

అచ్చిబాబు నవ్వు ఆపుకుని చెయ్యి అందించాడు. ఆ పూట అది మూడవసారి. దిగి నిలదొక్కుకున్నాక కూడా ఆయన అచ్చిబాబు మణికట్టు వదలలేదు. గడియారం చూసుకుంటూ ఆలస్యమవుతోందని విసుక్కున్నారు.

"ఆలస్యమైతే మరి ఆగడం ఎందుకండి?"

"ఆగకపోతే నేనే పోతానండి."

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. యాభై నాలుగేళ్ళ అచ్చిబాబు గోదావరిలో తెరచాప ఎత్తి ఏడాదైంది. నిరుడు ఇదే ఎండకు చుక్కాని మీదే ఒరిగిపోయాడు. మూడవ నాడు ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన భార్య నాగదుర్గ ఒక్కతే ఉంది. పడవను భీమవరం చేపల చెరువుల వాళ్ళకు అమ్మేయాలని అప్పటినుంచి ఆమె పట్టు. బతిమాలగా బతిమాలగా చివరకు ఒక షరతుకు దిగింది. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం రేవుకు ఒక్కసారి వెళ్ళి, తూలకుండా తిరిగి వస్తే పడవ ఉంటుంది. తూలితే భీమవరం పోతుంది.

సరిగ్గా ఈ ఉదయమే నిరంజన్ గారు రేవులోకి వచ్చారు. ఇంజను పడవలు నాలుగు ఉండగా, తెరచాప పడవే కావాలని తన్ను వెతుక్కుంటూ వచ్చిన ఆ పెద్దమనిషికి అచ్చిబాబు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

కానీ ఇంత సుకుమారుణ్ణి అతడు ఎన్నడూ ఎక్కించుకోలేదు. మజ్జిగ ఒక్కడే తాగితే దిగదంటూ సగం అచ్చిబాబుకే పోశారు. తడి తువ్వాలు తానొక్కడే చుట్టుకుంటే నవ్వుతారని అచ్చిబాబు తలకూ ఒకటి చుట్టించారు. తిరుగుదారిలో గాలి పడిపోయి అచ్చిబాబు గడ అందుకునేసరికి, ఇదిగో, ఈ లంకకు తిప్పించారు.

"నేను గడేస్తే అరగంటలో ఇంటికాడ ఉంటామండి" అన్నాడు అచ్చిబాబు.

"మీకేమండి, ఉక్కుమనిషి. నన్ను చూసి ఆగండి."

ఆ మాట అచ్చిబాబుకు మజ్జిగకంటే చల్లగా తగిలింది. ఏడాదిగా ఇంటిల్లిపాదీ అతణ్ణి గాజుబొమ్మను చూసినట్టే చూస్తున్నారు. ప్రయాణికుడి మీద జాలితో తానూ తుమ్మచెట్టు నీడన నడుము వాల్చాడు. పొద్దు వాలి పైరగాలి లేచింది. చాప పొంగింది. చుక్కాని దగ్గర నిటారుగా నిలబడి, అచ్చిబాబు పడవను కోటిపల్లి రేవుకు చేర్చాడు. అక్కడా నిరంజన్ గారు చెయ్యి పట్టుకునే దిగారు.

ఒడ్డున నాగదుర్గ ఎదురుచూస్తోంది.

"చూసుకోవే, ఎక్కడైనా తూలానా?" అన్నాడు అచ్చిబాబు.

ఆమె నిరంజన్ గారి వైపు చూసింది.

"ఈ అయ్యగారి దయే ఇదంతా. ఎండ బొత్తిగా పడదు, పాపం. అయినా నన్ను నమ్మి ఎక్కారు. ముందు ఆయనకు నాలుగు ముంజలు కొట్టించు" అని చెప్పి, అచ్చిబాబు తెరచాప చుట్టడానికి ఈల వేసుకుంటూ పడవలోకి వెళ్ళాడు.

నాగదుర్గ నిరంజన్ గారికి చేతులు జోడించింది. గొంతు తగ్గించి, "పడవ ఉంచమంటారా అండి?" అని అడిగింది.

"నాలుగుసార్లు నాడి చూశానమ్మా, నిక్షేపంగా ఉంచండి" అన్నారు డాక్టరుగారు.