ఆ మూల కాదు, ఈ మూల

"ఎవడు పెట్టమన్నాడు ఇక్కడ?"

అబూ సాలెహ్ అరుపుకు పెరటి గోడ మీది పావురాలు లేచిపోయాయి. ఆయన వేలు కొత్త కర్ర బెంచీ వైపు చూపిస్తోంది. రెండు గోడలు కలిసే మూలలో ఒదిగి, రెంటి వెంటా సాగిన బెంచీ. నున్నగా రందా పట్టి, పాలిష్ కూడా వేశాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. వంకల్లా చోటుదే. ఈశాన్యం మూలన పెట్టమంటే, సరిగ్గా దానికి ఎదురు, నైరుతి మూలన పెట్టి బిగించేశాడు వడ్రంగి భూమేష్.

బెంచీ అబూ సాలెహ్ తండ్రి కోసం. ముసలాయనకు మోకాళ్లు వంగవు. సాయంత్రాలు చల్లగాలికి పెరట్లో కూర్చుని, కూర్చున్నచోటే నమాజు చేసుకోవాలని ఆయన ఆశ. సౌదీలోని ఈ ఉనైజా ఊరి నుంచి మక్కా నైరుతి దిక్కున ఉంటుంది. ఈశాన్యం మూలన కూర్చుంటే మొహం నేరుగా అటే. ఇప్పుడు భూమేష్ పెట్టినచోట కూర్చుంటే మక్కాకు వీపు పెట్టినట్టే.

ఎందుకిలా చేశాడో కనుక్కోమని అబూ సాలెహ్ డ్రైవర్ మీద ఉరిమాడు. డ్రైవరు ఫారూఖ్‌ది కడప. ఆ ఇంట్లో ఈ మధ్యే చేరాడు. అరబ్బీ వచ్చిన పాపానికి ఇలాంటి గొడవలన్నీ అతని నెత్తినే పడుతున్నాయి.

"ఏందన్నా ఈ పని? ఆ మూల నీకు చూపిచ్చినాడు కదా?"

భూమేష్‌ది జగిత్యాల దగ్గర పల్లె. తొణకలేదు. "ఈశాన్యం మీద బరువు వెట్టద్దు తమ్మీ. ఇంటి పెద్దకు కీడు. వడ్లోన్ని, తెలిసి తెలిసి గా పాపం నేనెట్ల జెయ్యాలె?"

ఫారూఖ్ నెత్తి కొట్టుకున్నాడు. ఈ ముక్క మన దగ్గర చెబితే ఇంటాయన చెయ్యెత్తి దండం పెడతాడు. ఇక్కడ చెబితే ప్రాణం మీదికొస్తుంది. అందుకని మాటను మెత్తబరిచి, వాళ్ల ఊళ్లో అదో అలవాటని, పెద్దాయన మేలు కోరే అలా చేశాడని అరబ్బీలో చెప్పాడు. అబూ సాలెహ్ ఊగిపోయాడు. మేలైనా కీడైనా ఇచ్చేవాడు అల్లా గానీ గోడ మూలలా అన్నాడు. తన తండ్రి తన ఇంట్లోనే కిబ్లాకు వీపు పెట్టి కూర్చోవాలా అన్నాడు. అరిచి అరిచి చివరికి కాస్త తగ్గి, పొద్దుగూకేలోపు జరిపేస్తే ఊరుకుంటానన్నాడు.

ఆయన అంత మాత్రం దిగిరావడమంటే మాటలు కాదు. ఫారూఖ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"జరుపుతానని చెప్పన్నా. ఆ ఒక్క మాట చాలు."

"జరుప."

"నీకేమన్నా పిచ్చా?"

"ఇంకెవలన్న జరుపుకోనియ్యి. నా చెయ్యితోని మాత్రం జరుప."

అలికిడికి ముసలాయన చేతికర్ర ఊతంతో మెల్లగా బయటికొచ్చాడు. సంగతి విన్నాడు. బెంచీ అంచు మీద చెయ్యి వేసి, కర్రను నిమిరి, మంచి చేతులున్న కుర్రాడు, కోప్పడొద్దు, రేపైనా జరుపుతాడులే అని కొడుకును బుజ్జగించాడు. భూమేష్ వైపు చూసి నవ్వాడు కూడా. భూమేష్ ఆయన కళ్లలోకి చూడలేకపోయాడు. ఇప్పుడు ఒప్పుకుంటాడు, ఇప్పుడు ఒప్పుకుంటాడని ఫారూఖ్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. భూమేష్ తల అడ్డంగా ఊపాడు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, ఆ ఇంట్లో వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్‌కన్నా బలవంతుడెవడూ లేడు. అబూ సాలెహ్ జేబులోంచి ఫోను తీశాడు.

"ఆఖరిసారి అడుగు. జరుపుతాడా, ఖురూజ్ కొట్టమంటాడా?"

ఖురూజ్ అంటే ఎగ్జిట్. ఒక్కసారి కొట్టాడంటే పనీ లేదు, జీతమూ లేదు, పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే. ఇంతకుముందు పనిచేసిన ఇళ్లలో ఎంతమంది ఆ మాటకు కాళ్ల మీద పడ్డారో ఫారూఖ్ చూశాడు. భూమేష్ మోచెయ్యి పట్టుకుని గట్టిగా కుదిపాడు.

"నీ కాళ్లు మొక్కుతా అన్నా, సరే అను."

"ఆయన ఇష్టం," అన్నాడు భూమేష్.

దాన్ని అరబ్బీలోకి మార్చే అవసరం రాలేదు. అబూ సాలెహ్ బొటనవేలు ఫోను మీద కదిలింది. కాసేపటికి భూమేష్ జేబులో ఫోను టింగుమంది.

"ఖలాస్," అని, విమానం ఎక్కించేదాకా వాణ్ని వదలొద్దని ఫారూఖ్‌కు చెప్పి అబూ సాలెహ్ లోపలికి వెళ్లిపోయాడు.

భూమేష్‌ను కార్లో అతని గదికి తీసుకెళ్తూ దారి పొడుగునా ఫారూఖ్ తిట్టిపోశాడు. కొరివితో తల గోక్కున్నావన్నాడు. వాస్తు మీ ఇంట్లో చూసుకోవాలి గానీ పరాయివాడి పెరట్లో ఎందుకన్నాడు. ఖర్జూరం తోటలు మొదలయ్యాక భూమేష్ నోరు విప్పాడు.

"కొట్టిన ఎగ్జిట్ మల్ల వాపస్ తీసుకుంటడా తమ్మీ?"

ఫారూఖ్‌కు జాలేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? రేపు విమానం ఎక్కించేదాకా నీ పక్కనే ఉండమన్నాడు, ఇంక ఆశ పెట్టుకోకు అని మెల్లగా చెప్పాడు.

భూమేష్ సీటుకు ఆనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే ఒక్క పని జెయ్యి. నేను ఇమానం ఎక్కినంక ఆ బెంచీని ఆయన జెప్పిన మూలకు జరుపు. మేకులు కొట్టలె, అన్ని బోల్టులే. పెద్దాయన మంచోడు, ఆయన నమాజు ఆగద్దు."

ఫారూఖ్ బండి పక్కకు ఆపాడు. "ఈ మూలకని చేసింది ఆ మూలకు ఎట్ల సరిపోతాదన్నా?"

"కొలతలు దీసిందే ఆ మూలకు. బిడ్డ పుట్టింది, ఒక్కసారి జూసొస్త అని ఎన్నిసార్లు మొక్కినా, ఇంత మంచి పనోన్ని పంపనన్నడు మీ కఫీల్."