నడిచి వచ్చినవాళ్ల సంఘం

ఆర్డిత్ ముంక్ పెరటి తలుపు కొట్టడానికి లారూ సోరెన్సన్‌కు పావుగంట పట్టింది. రెండుసార్లు మెట్లెక్కి దిగింది. మూడోసారి ఆర్డిత్ కుక్క మొరిగి పరువు తీసింది. ఇక తప్పలేదు.

వంటింట్లో ఆర్డిత్ ఆప్రికాట్లు సీసాలకు ఎత్తుతోంది. జూలైలో యూటా రాష్ట్రపు శాన్‌పీట్ లోయలో ఏ ఇంట్లో చూసినా ఇదే పని. ఎందుకొచ్చావని ఆమె అడగలేదు. చిన్న కత్తి ఒకటి లారూ చేతికిచ్చి గింజలు తియ్యమంది.

లారూ చేతిసంచిలో ఒక జిరాక్సు కాగితం ఉంది. మూడు రోజులుగా అది ఆమెకు తిండి సయించనివ్వడం లేదు.

ఊళ్లో లారూ అంటే మాటలు కాదు. పయనీర్ వారసురాళ్ల సంఘానికి ఇరవై రెండేళ్లుగా ఆమే పెద్ద. ఆ సంఘానికి నియమం ఒక్కటే. యూటా దాకా రైలుమార్గం పూర్తయింది 1869 మే పదిన. ఆ లోపు యూటా చేరిన చర్చివాళ్లే పయనీర్లు, అంటే తొలి వలసదారులు. ఎద్దుబండి మీద వచ్చినా సరే, చేతిబండి లాక్కుంటూ వచ్చినా సరే. ఆ తర్వాత రైలు దిగినవాళ్లు ఎంత భక్తులైనా వట్టి ప్రయాణికులు.

లారూ ముత్తవ్వ మారెన్ డెన్మార్క్‌లో ఓడెక్కి వచ్చి, వెయ్యి మైళ్లు చేతిబండి లాగిందట. అలాగని లారూ నాయనమ్మ చెప్పింది. నాయనమ్మ మాట మీదే లారూకు సంఘంలో చోటు దొరికింది. ఏటా జూలై ఇరవై నాలుగున, పయనీర్ల పండగనాడు, తలకు పాతకాలపు బోనెట్ టోపీ కట్టుకుని, ఊరేగింపులో చేతిబండి లాగి, ఆ కథ చెప్పి ఊరందరినీ ఏడిపించేది లారూయే. ఈ ఏడు మారెన్ పేరుతో స్మారక రాయి కూడా పెడుతున్నారు. ఆమె వచ్చిన తేదీ ఏం చెక్కమంటారని రాయి చెక్కే అతను అడిగాడు. కనుక్కొస్తానని ఆమె సాల్ట్ లేక్ వెళ్లి చర్చివారి దగ్గరున్న వలసల పాత జాబితాలు తిరగేసింది.

మారెన్ దొరికింది. 1869 ఆగస్టులో, రైల్లో. నాలుగు వరుసల కింద ఆర్డిత్ ముత్తాత రాస్మస్ పేరు కూడా ఉంది.

ఆ పేరు చూశాక లారూ ఆ పేజీ జిరాక్సు తీయించుకుని సంచిలో దాచుకుంది.

పంతొమ్మిదేళ్ల కిందట ఆర్డిత్ ఈ ఊరికి కొత్త. జూలై ఊరేగింపు చూసింది. ఆ మరుసటి నెలలోనే కాగితం ఒకటి పట్టుకుని సంఘం సమావేశానికి వచ్చింది. లారూ బల్ల దగ్గరికొచ్చి, ఒక్క నిమిషం పక్కకి వస్తారా అని మెల్లగా అడిగింది. సిఫారసు కావలసినవాళ్లంతా అలాగే అడుగుతారు. లారూ కూర్చున్న చోటునుంచే కాగితం లాక్కుంది. పెన్సిలుతో గీత గీసి ఉన్న రాస్మస్ పేరు, పైన తేదీ చూసింది. అంతవరకే చూసి, అందరికీ వినపడేలా గొంతు పెంచింది.

“సిస్టర్ ముంక్, మీవాళ్లు మెత్తగా కూర్చుని వచ్చినవాళ్లు. ఇది నడిచి వచ్చినవాళ్ల సంఘం.”

హాలంతా నవ్వింది. ఆర్డిత్ మొహం కందిపోయింది. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది. చర్చిలో ఆడవాళ్లంతా ఒకరికొకరు సిస్టర్లే; ఆ రోజునుంచి ఆమె మాత్రం ఊళ్లో రైలు సిస్టర్ అయింది. బళ్లో ఆమె పిల్లల్ని టికెట్లు చూపించమని ఏడిపించారు. ఆ సంగతి లారూకు తెలుసు. తెలిసీ ఒక్కనాడూ వారించలేదు. నిజం చెప్పాలంటే, తన మాట అంత బాగా పేలినందుకు కొన్నాళ్లు లోలోపల మురిసింది కూడా. ఇప్పుడు అది తలుచుకుంటే ఆమెకు తన మొహం అద్దంలో చూసుకోబుద్ధి కావడం లేదు.

లారూ కత్తి పక్కన పెట్టి కాగితం తీసి ఇచ్చింది. ఆర్డిత్ చేతులు తుడుచుకుని అందుకుంది. కళ్లద్దాలైనా పెట్టుకోకుండా ఒకసారి చూసి బల్ల మీద పెట్టేసింది.

“మా మారెన్ మీ రాస్మస్‌తో పాటే రైలు దిగింది. అడుగు కూడా నడవలేదు,” అంది లారూ.

“స్టేషన్ నుంచి ఇక్కడిదాకా నడిచే ఉంటుందిలే.”

లారూకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఎల్లుండి ఊరేగింపులో అందరి ముందూ చెప్పేస్తానంది. రాయి వద్దని చెప్పేశానంది. సంఘంలో తన చోటు వదిలేస్తానంది. పిల్లలు పడ్డ మాటలు వెనక్కి తీసుకోవడం తన వల్ల కాదని, దానికి ఏం చెయ్యాలో ఆర్డితే చెప్పాలని బతిమాలింది.

“ఇంకొకటి. నీ దరఖాస్తు నీ మొహాన కొట్టాను చూడు. దానికి కూడా అందరి ముందే క్షమాపణ అడుగుతాను.”

“ఏ దరఖాస్తు?” అంది ఆర్డిత్.

“అదే, ఆ రోజు నువ్వు తెచ్చిన కాగితం.”

ఆర్డిత్ స్టవ్ తగ్గించి వచ్చి ఎదురుగా కూర్చుంది. లారూ చేతికి అంటిన ఆప్రికాట్ రసం తన ఏప్రన్ కొంగుతో తుడిచింది.

“మా అమ్మ వైపువాళ్లు 1852లోనే ఎద్దుబండ్ల మీద వచ్చారు. సంఘంలో చేరాలనుకుంటే వాళ్ల కాగితం తెచ్చేదాన్ని కదా లారూ,” అంది. “రైలు కాగితం తెచ్చింది, అందులో మీ మారెన్ పేరుందని, ఇంకెవరి కంటా పడకముందే నీ ఒక్కదాని చెవిన వేద్దామని.”