గుట్ట మీద ఏమీ లేదు

"దుప్పుల గుట్ట మీద ఒక్క చెట్టు లేదన్న నాలుకను కోసి కాకులకెయ్యాలె. రాయి అన్నా."

శాంతయ్య రాయలేదు. కలం మూత కూడా తియ్యలేదు. లింగాల మండలాఫీసు గోడ పక్కన బల్ల వేసుకుని ఇరవై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాడు. నాలుకలు కొయ్యమంటే ఏ సర్కారూ కొయ్యదని ఆయనకు తెలుసు.

"తగు చర్య తీసుకోగలరని ప్రార్థన, అని రాస్త తమ్మీ," అన్నాడు.

"ప్రార్థన చర్చిల చేస్త. ఈడ కాదు," అన్నాడు దేవదాసు.

దేవదాసుకు రాయడం రాక కాదు. బడికి పోయింది అయిదేళ్లే. మిగతా చదువంతా పల్లీల పొట్లాల మీద. ఆ చదువుతోనే నలభై దాకా అర్జీలు సొంతంగా రాశాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. అన్నింట్లోనూ తిట్లు ముందు, సంగతి వెనక. కిందటిసారైతే తిట్లకే కాగితం అయిపోయి సంగతికి చోటు మిగల్లేదని తనే చెప్పుకొని నవ్వుతాడు. ఈసారి మాత్రం శాంతయ్య దగ్గరికొచ్చాడు. ఈసారి అర్జీ చెత్తబుట్టలో పడితే గుట్టే ఉండదు.

గుట్టను ఒక కంకర కంపెనీకి రాసివ్వబోతున్నారు. అభ్యంతరాలకు ఆ సాయంత్రం అయిదింటిదాకే గడువు. రెండువేల ఒకటిలో సర్వే వాళ్లొచ్చి గుట్ట మీద ఏముందని అడిగితే, ఊరి తరఫున ఒక మనిషి ఏమీ లేదని వాంగ్మూలమిచ్చి సంతకం పెట్టాడట. ఆరేళ్ల తరువాత ఇప్పుడు ఆ ఒక్క కాగితం మీదే లీజంతా నిలబడింది. అది అబద్ధమని తేలితే తప్ప ఆపలేమని తహసీల్దారు ముఖం మీదే చెప్పాడు. అంటే ఆ సంతకం పెట్టినవాడి మీద కేసు పడాలి.

"ముందు గుట్ట మీద ఏమున్నదో చెప్పు," అని శాంతయ్య మూత తీశాడు.

దేవదాసు చెప్పాడు. తూర్పు వాలు నిండా నల్లమద్ది, ఇప్ప, తునికి. పడమట నల్లటి రాతిబండ, దాని కింద రోహిణి కార్తెలోనూ ఎండని చెలిమె. ఆ చెలిమె ఊటే కింద మూడు ఊళ్ల బావులకు నీళ్లు. గుట్ట నడుం మీద పన్నెండు చెంచు గుడిసెలు. నెత్తిన పాతకాలం కోట గోడ. ఏ రాజు కట్టాడో తెలియదు, తెలియదనే రాయమన్నాడు. కోట కింద గుహ. రజాకార్ల కాలంలో ఊరు ఊరంతా పద్దెనిమిది రోజులు అందులో దాక్కుంది. దేవదాసు తండ్రి బాలయ్య ఆ గుహలోనే పుట్టాడు.

శాంతయ్య రెండు పేజీలు నింపి చెయ్యి విదిలించుకున్నాడు. "గింత గుట్టను పట్టుకొని ఏం లేదన్నడా? గుడ్డోడా ఏంది?"

"గుడ్డోడైతే తడిమి చూసి చెప్పేటోడు. వీడు తెలివిగల్లోడు."

ఆ తెలివి సంగతీ చెప్పాడు. చెట్లున్నాయంటే అడవి శాఖ వాళ్లు కంచె వేస్తారు. మేకలను రానివ్వరు, తునికాకు తెంపనివ్వరు. కోట ఉందంటే ఇంకొకరొచ్చి బోర్డు పాతుతారు. మనుషులున్నారంటే ఖాళీ చెయ్యమంటారు. సర్కారు మనిషి ఏది అడిగినా లేదనాలి. ఆ ఊరికి ఇది తాతలనాటి అలవాటు. జనాభా లెక్కలవాళ్లొస్తే కోళ్లను కూడా గంప కింద దాచే ఊరు. అందుకని ఆ తెలివిగలవాడు హోటలు ముందు బెంచీ ఎక్కి, చెట్లా, లేవు, నీళ్లా, లేవు, మనుషులా, ఎవరూ లేరు అని లేదు మీద లేదు చెప్పుకుంటూ పోయాడు. గుట్ట ఎక్కే పని తప్పిందని సర్వే వాళ్లు సంబరంగా చాయ్ తాగి పోయారు. గుట్టను కాపాడాడని ఊరు చప్పట్లు కొట్టి, వాడి చేతిలో రెండు మిర్చి బజ్జీలు పెట్టింది.

"రెండు మిర్చీలకు గుట్టను అప్పజెప్పిండు," అన్నాడు దేవదాసు. "అవి గూడ చల్లారినయే."

శాంతయ్య అటూ ఇటూ చూశాడు. ఊరి తరఫున సంతకం పెట్టాడంటే ఎవరో పెద్దమనిషే అయి ఉండాలి. పోయినేడు ఒక పెద్దమనిషి మీద అర్జీ రాసినందుకే ఈ బల్లకు కాలు విరిగింది. ఇప్పుడది ఇటుకల మీద నిలబడి ఉంది.

"సర్పంచా?" గొంతు తగ్గించి అడిగాడు.

"కాదు."

"మరి పాత పట్వారీనా?"

"ఆయన గింత ఎడ్డిపని చెయ్యడు. పేరు ఆఖర్ల చెప్త. ముందుగాల చెప్తే నీ కలం ఆగుతది."

"ఆగకేం చేస్తది తమ్మీ. వాడు జైలుకు వొయ్యొచ్చి ముందు నా మీదికే వస్తడు."

"రాడు. గది నా జిమ్మ, నా పూచీ."

నాలుగున్నర దాటింది. లోపల అటెండరు కిటికీలు మూస్తున్నాడు. శాంతయ్య ఆఫీసు తలుపు వైపు చూశాడు, తన ఇటుకల వైపు చూశాడు. గుట్ట ఊటతో బతికే ఆ మూడు ఊళ్లలో తనదీ ఒకటి. ఇంట్లో మనవరాలు మానస పొద్దున్నే తోడుకొచ్చే బిందె గుర్తొచ్చింది. కలం మళ్లీ పట్టుకున్నాడు.

"ఎంత పెద్దోడైతే ఏంది. చెప్పు, రాస్త."

దేవదాసు బల్ల మీదికి వంగి, ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పాడు: "సార్లు రేపు పొద్దుగాల గుట్టెక్కి కండ్లతోని చూడాలె, గుట్ట మీద ఏం లేదని సంతకం పెట్టిన బాలయ్య కొడుకు దేవదాసును, అంటే నన్ను, ఇయ్యాల్నే జైల్ల ఎయ్యాలె."